జాబితా చదివేది ఎవరు? – వ్యక్తిత్వ వికాస సాహిత్యంపై ఒక పరిశీలన

తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణమండపం. మూడు నాలుగు హాస్టళ్ళ పిల్లల్ని బస్సుల్లో ఎక్కించి తెచ్చారు. వేదిక మీద కోటు వేసుకున్న వక్త రెండున్నర గంటలు నిలబడి మాట్లాడాడు. నవ్వించాడు, ఏడిపించాడు. చివర్లో పిల్లల చేత కళ్ళు మూయించి, గుండె మీద చెయ్యి పెట్టించి, "నా జీవితానికి నేనే బాధ్యుణ్ణి" అని మూడుసార్లు అనిపించాడు. పిల్లలు మనస్ఫూర్తిగా గొంతెత్తి అన్నారు. వాళ్ళ ముఖాల్లో వెలుగు కనిపించింది, అబద్ధం చెప్పను. తోడుగా వెళ్ళిన మాస్టర్లలో నేనొకణ్ణి.

తిరుగు ప్రయాణంలో, భీమడోలు దాటాక, కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి ఇంటర్ చదువుతున్న కుర్రాడొకడు నా పక్కన కూచున్నాడు. "మాస్టారండీ, ఓ మాట అడగనాండి?" అన్నాడు. అడగరా అన్నాను. "మా తాత పేరు చేపల చెరువు సొసైటీ పుస్తకంలో ఉండేదంటండి. మా నాన్నేమో పద్దెనిమిదేళ్ళ నుంచీ వేరేవాళ్ళ చెరువు గట్టు మీద కాపలా ఉంటన్నాడండి. ఆయన ఆలోచన మార్చుకుంటే చెరువు ఆయనదైపోద్దాండి?"

వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అవుతుందిరా అంటే అబద్ధం. కాదురా అంటే, అప్పుడప్పుడే లేచిన పిల్లాణ్ణి మళ్ళీ నేనే కూలేసినట్టు. ఏదో నసిగాను. ఈలోగా ఏలూరు వచ్చింది, దిగిపోయాం. ఈ వ్యాసం ఆ కుర్రాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు. వాడికే కాదు, మన హాస్టళ్ళలో ట్రంకుపెట్టె అడుగున వ్యక్తిత్వ వికాసం పుస్తకం దాచుకునే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ మనం బాకీపడ్డ జవాబు.

ముందు ఆ పుస్తకం సంగతి చూద్దాం. దాని పుట్టిల్లు అమెరికా. అక్కడి ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1936లో డేల్ కార్నెగీ పుస్తకం, 1937లో నెపోలియన్ హిల్ పుస్తకం వచ్చాయి. 1952లో నార్మన్ విన్సెంట్ పీల్ అనే చర్చి బోధకుడు 'సానుకూల ఆలోచన శక్తి' అన్న మాటని ఇంటింటికీ చేర్చాడు. తెలుగులో ఈ సరుకు జోరందుకున్నది తొంభైలలో. నవలా రచయితగా అప్పటికే పేరున్న యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు', ఇంద్రజాలం నుంచి మనస్తత్వశాస్త్రం వైపు వచ్చిన బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు బస్టాండు బంకుల దాకా వచ్చాయి. 1991 తర్వాత సర్కారు ఉద్యోగం సన్నగిల్లింది, ప్రైవేటు ఇంటర్వ్యూ ముందుకొచ్చింది. నీకు ఉద్యోగం ఎందుకు రాలేదనే ప్రశ్న అంతకుముందు ప్రభుత్వాన్ని అడిగేవాళ్ళం. ఆ దశకంలో దాన్ని అద్దంలో చూసుకుని మనల్ని మనమే అడుక్కోవడం మొదలుపెట్టాం.

ఈ పుస్తకాలు చదివేవాళ్ళని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మన పిల్లలు వీటిని చదివేది కాలక్షేపానికి కాదు. ఇంట్లో చదువుకున్న పెద్దలు లేరు. ఇంటర్వ్యూలో ఎట్లా కూచోవాలో, నలుగురిలో నోరెట్లా విప్పాలో చెప్పే మేనమామ లేడు. పై కులాల ఇళ్ళల్లో భోజనాల దగ్గర ఊరికే దొరికేదాన్ని మనవాళ్ళు డబ్బులు పెట్టి కొనుక్కుంటున్నారు. ఆ ఆకలి నిజం. విమర్శ ఆ ఆకలి మీద కాదు, విస్తట్లో వడ్డించినదాని మీద.

ఈ రకం పుస్తకాల్లో నేను చదివినంతమేర ఓటమికి కారణాల జాబితా ఒకటుంటుంది. బద్ధకం, భయం, బిడియం, వాయిదా వేసే గుణం, ఆత్మన్యూనత. అన్నీ మనిషి లోపలివే. ఆత్మన్యూనతని జలుబులాగానో జ్వరంలాగానో చెబుతారు. అది ఎవరి నుంచి అంటుకుందో చెప్పరు. తెలుగునాట మనిషికి తన విలువ ఇంతేనని మొట్టమొదట చెప్పేది కులం. ఆ ఒక్క మాట లేకుండా తెలుగు మనిషి వ్యక్తిత్వం గురించి రెండొందల పేజీలు రాయడం, కొల్లేరు గురించి రాస్తూ నీటి మాటెత్తకపోవడం లాంటిది.

నా చిన్నప్పటి సంగతొకటి చెబుతాను. పేరు అనవసరం, ఈ జిల్లాలోనే ఒక హైస్కూలు. ఏడాదికోసారి గుమాస్తా స్కాలర్‌షిప్పు రిజిస్టరు పట్టుకుని క్లాసులోకి వచ్చేవాడు. "ఎస్సీలు లేచి నిలబడండ్రా" అనేవాడు. లేచేవాళ్ళం. ఆయనకి మా మీద పగేమీ లేదు, లెక్క సరిచూసుకోవాలంతే. కూచున్నాక ఆ పీరియడు మాస్టారు లెక్క చెప్పమంటే, పొద్దున వచ్చిన లెక్కే మధ్యాహ్నానికి రాకుండా పోయేది. చాలా ఏళ్ళు అది నా బిడియమే అనుకున్నాను.

నా బిడియం కాదని ఒక పరిశోధన చదివాక గట్టిగా తెలిసింది. ప్రపంచ బ్యాంకు తరఫున కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతులు చదివే మగపిల్లలతో చేసిన ప్రయోగమది. ఫలితాలు 2004లో బయటికొచ్చాయి. పై కులాల పిల్లలు 321 మంది, కింది కులాల పిల్లలు 321 మంది. కాగితం మీద గీసిన చిక్కుదారుల్లోంచి బయటపడే ఆట ఇచ్చి, ఎన్ని పూర్తిచేస్తే అంత డబ్బిచ్చారు. ఎవరి కులమేదో బయటపెట్టనప్పుడు రెండు వర్గాల పిల్లలూ సమానంగా చేశారు. తర్వాత ఇంకో రకం చేశారు. ఆట మొదలుపెట్టే ముందు పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఊరు, కులం అందరి ముందూ పైకి చదివారు. అంతే, కింది కులాల పిల్లల ఫలితం గణనీయంగా పడిపోయింది.

పిల్లల తెలివి మారలేదు. ఆట మారలేదు. వాళ్ళ సంకల్పబలం రాత్రికి రాత్రి కరిగిపోలేదు. మారింది ఒక్కటే, ఎవరో జాబితా పైకి చదివారు. ఎంత బాగా చేసినా మాకు న్యాయంగా లెక్కగట్టరు అనే అపనమ్మకం కూడా ఈ పతనం వెనక ఉండి ఉంటుందని పరిశోధకులు ఆలోచించారు. అంటే పిల్లవాడి వెనకంజ రోగం కాదు, లోకం నడత గురించి వాడికున్న అవగాహన. మన వక్తలు ఆ అవగాహనని 'నెగెటివ్ థింకింగ్' అంటున్నారు. వాళ్ళు చికిత్స చేసేది లేచి నిలబడ్డ పిల్లాడికి. రిజిస్టరు పట్టుకుని నిలబెట్టిన గొంతు జోలికి ఎవరూ పోరు.

ఇక్కడ మనస్తత్వశాస్త్రం తనను తాను దిద్దుకున్న కథ ఒకటి మనకి పనికొస్తుంది. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కలకి కరెంటు షాకులిచ్చి ప్రయోగాలు చేశారు. కొన్ని కుక్కలు మూతితో పలకని నొక్కి షాకు ఆపుకోగలవు. కొన్నింటికి ఏం చేసినా ఆగదు. తర్వాత తేలిగ్గా దాటగలిగే అడ్డు ఉన్న పెట్టెలో పెడితే, రెండో రకంలో చాలా కుక్కలు దాటే ప్రయత్నమే చేయకుండా పడుకుండిపోయాయి. ఇవి నిస్సహాయతను నేర్చుకున్నాయి అని చెప్పారు. ఈ సెలిగ్మనే 1998లో అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం అధ్యక్షుడిగా 'పాజిటివ్ సైకాలజీ'కి జెండా ఎత్తాడు. అయితే 2016లో, యాభై ఏళ్ళ పరిశోధనలను మళ్ళీ తూచి, ఆ ఇద్దరే తమ మొదటి మాట తలకిందులుగా ఉందని రాశారు. ఎడతెగని బాధ కింద చతికిలబడటం ప్రాణి సహజంగా చేసేదేనట. దాన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకునేది దానికి ఎదురైనది: 'నా చేతిలో పట్టు ఉంది' అన్న సంగతి. ఒకసారి ఆ పట్టు అనుభవంలోకి వచ్చిన ప్రాణి తర్వాతి దెబ్బకి అంత తేలిగ్గా పడిపోదు.

జంతువుల మీది ప్రయోగం మనుషులకి అచ్చంగా సరిపోదు, కులానికి అసలే సరిపోదు. అయినా దాన్నుంచి ఒక ప్రశ్న తీసుకోవచ్చు. ఆశ అనేది పట్టు దొరికినచోట పుట్టేదైతే, మనవాళ్ళకి ఎక్కడెక్కడ పట్టు దొరికింది, ఎక్కడెక్కడ చేజారింది?

అదే ప్రశ్నతో కొల్లేటికి వెళదాం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళు ఇక్కడ నిలిచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. డెబ్భయ్యో దశకంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, సరస్సు భూముల్లో చేపల చెరువులు తవ్వించి సహకార సంఘాలకి అప్పగించారు. వడ్డీల పేరిట, దళితుల పేరిట సంఘాలు ఏర్పడ్డాయి. కాగితం మీద పట్టు దొరికింది. కానీ చేపపిల్లకి, మేతకి, మోటారుకి, మందులకి పెట్టుబడి ఎక్కణ్ణుంచి వస్తుంది? బ్యాంకు గుమ్మం ఎక్కే దారి చాలామందికి లేదు. పెట్టుబడి ఉన్న మోతుబరులు వచ్చి లీజు అన్నారు. సంఘం పేరు సంఘానిదే, చెరువు పెత్తనం వాళ్ళది. సభ్యుడు అదే గట్టు మీద కూలివాడయ్యాడు. మన కుర్రాడి తాత కథ ఇదే.

1999లో సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు వరకూ 308 చదరపు కిలోమీటర్లని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో కాంటూరు లోపలి గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలన్నది న్యాయమే. చెరువులు దాని గొంతు పిసికాయన్నదీ నిజమే. కానీ గట్టు తెగినప్పుడు లీజుదారు పెట్టుబడి తీసుకుని కాంటూరు బయటికి నడిచాడు. కూలివాడు ఆయన వెనకే కాపలాకి నడిచాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచాక ఆ నీళ్ళు కొల్లేటి లంకల మీదికీ వచ్చాయి. ఈ మూడు తరాల్లో కుర్రాడి నాన్న ఎక్కడ 'నెగెటివ్'గా ఆలోచించాడో ఏ వక్తయినా చూపించగలడా? రాత్రంతా మేలుకుని పరాయి చేపని కాపాడే మనిషికి క్రమశిక్షణ తక్కువా, ఓపిక తక్కువా?

ఇట్లా అంటే, సరే, మీ దళిత సాహిత్యమంతా ఇంతే, ఎప్పుడూ ఏడుపే, ఆశావహ దృక్పథం లేదు అంటారు. ఈ నింద పాతదే. బస్టాండు బంకులో వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు బారులు తీరిన ఆ దశకంలోనే, 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' కవితా సంకలనాలు వచ్చాయి. ఒకే తరం చదువరుల ముందు రెండు అరలు. ఒకటి నవ్వమంది, ఒకటి కోపగించుకోమంది. ఏది ఆశ, ఏది నిరాశ?

జాషువా 'గబ్బిలం' తీసుకోండి, 1941 నాటిది. కథానాయకుడు ఆకలితో ఉన్న అరుంధతీసుతుడు. గుడి తలుపులు తనకి మూసి ఉన్నాయి కాబట్టి, గుళ్ళోకి అడ్డులేకుండా పోగల గబ్బిలంతో శివుడికి కబురంపుతాడు. వ్యక్తిత్వ వికాసం కొలబద్దతో చూస్తే ఇతను పక్కా నిరాశావాది. తన బాధ్యత తను తీసుకోడు, లోకాన్ని నిందిస్తాడు. కానీ ఆ కావ్యంలో జరుగుతున్నదేమిటి? మేఘాన్ని ప్రియురాలి దగ్గరికి పంపే కాళిదాసు మర్యాదని అడుగు కులాలవాడు చేతిలోకి తీసుకుని, దాంతో ఆకలి గురించి ఫిర్యాదు రాస్తున్నాడు. వినేవాడొకడున్నాడనీ, తన ఫిర్యాదుకి విలువుందనీ నమ్మినవాడే ఫిర్యాదు చేస్తాడు. అంతకంటే ఆశావహమైన పని ఏముంది? ఏడుపు అని కొట్టిపారేసినవాళ్ళకి ఆ ఏడుపులోని దావా వినపడలేదు.

మన ఉద్యమం మనసు గురించి మొదట్నుంచీ పట్టించుకుంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచముల' పేరు వద్దని 'ఆది ఆంధ్రులు' అనే పేరు తీసుకుంది. మేం ఐదోవాళ్ళం కాదు, మొదటివాళ్ళం అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లని అధికారికంగా ఒప్పుకుంది. మనిషి తనని తాను చూసుకునే చూపుని మార్చడం అంటే ఇదీ. కల్యాణమండపం పద్ధతికీ దీనికీ తేడా గమనించండి. ఒక్కొక్కణ్ణి కళ్ళు మూసుకోమనలేదు. అందరూ కలిసి, కళ్ళు తెరిచి, ప్రభుత్వ రిజిస్టరులో పేరు మార్పించారు.

మన కాలంలో దీనికి దగ్గరగా వచ్చినది స్వేరో ప్రయోగం. 2012 నుంచి 2021 దాకా సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ హయాంలో – మొదట ఉమ్మడి రాష్ట్రంలో, 2014 తర్వాత తెలంగాణలో – పిల్లలు నిలబడి ప్రతిజ్ఞలు చేశారు, పేరు చివర 'స్వేరో' అని చేర్చుకున్నారు. సాంఘిక సంక్షేమం అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలకి ఆకాశాన్ని కలిపి చేసిన పేరది. 2014 మే 25న గురుకుల విద్యార్థులు మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పదమూడేళ్ళు. సానుకూల దృక్పథం పనిచేస్తుందా అని అడిగేవాళ్ళకి ఇది జవాబు. పనిచేస్తుంది. కానీ ఒట్టి ప్రతిజ్ఞే పనిచేసిందా? దాని వెనక భోజనం, మంచం, కోచ్, శిక్షణ, కొండ దాకా ఖర్చు, కులం పేరుతో చిన్నబుచ్చని గొంతు ఉన్నాయి. ఈ ప్రయోగానికీ హద్దులున్నాయి. గురుకులంలో సీటు ప్రవేశపరీక్షతో కొందరికే. శిఖరమెక్కిన ఒక్కరిని చూపించి, ఎక్కలేనివాళ్ళని మళ్ళీ బద్ధకస్తులనే ప్రమాదం ఇక్కడా పొంచే ఉంది.

ఇంకో సాక్ష్యం అవతలి పక్కనుంచి వస్తుంది. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో దళితులు మిగతా నాయకుల విగ్రహాల సరసన అంబేడ్కర్ విగ్రహం పెట్టబోతే సాంఘిక బహిష్కరణ చేశారు. పనుల్లోకి పిలవడం మానేశారు. ఆత్మవిశ్వాసం ఒట్టి తలకాయలోని వ్యవహారమే అయితే, ఒక విగ్రహాన్ని చూసి ఊరు ఉలిక్కిపడటం ఎందుకు, కూలి ఆపేయడం ఎందుకు? మన ధైర్యం నలుగురి మధ్యా, నడిబజారులో తయారవుతుందని మన పుస్తకాలకంటే పెత్తందార్లకే బాగా తెలుసు.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. భూమి, కూలి, రిజర్వేషన్ – వీటి గురించి మాట్లాడినంతగా మనం పిల్లల భయం గురించి మాట్లాడలేదు. మనసు మాట ఎత్తితే అదంతా అగ్రవర్ణ సరుకని కొట్టేశాం. 2016 జనవరిలో రోహిత్ వేములని పోగొట్టుకున్నాక ఊరేగింపులు తీశాం, తీయాల్సిందే. ఆ రాత్రి మన హాస్టళ్ళలో నిద్రపట్టని పిల్లల పక్కన ఎంతమందిమి కూచున్నాం? మనం ఖాళీ వదిలిన కుర్చీలో కోటు వేసుకున్న వక్త వచ్చి కూచున్నాడు. అమెరికాలో బార్బరా ఎరెన్‌రీచ్ రొమ్ము క్యాన్సరుతో పడుతున్నప్పుడు, రోగులకి సంతోషంగా ఉండమని చెప్పే లోకాన్ని చూసి, 2009లో ఈ సానుకూల వ్యాపారం మీద పుస్తకమే రాసింది. ఆమె విమర్శ విలువైనదే. కానీ విమర్శ ఒక్కటే హాస్టలు పిల్లాడికి చాలదు. వాడికి రేపు పొద్దున పరీక్ష ఉంది.

అందుకని ఉపాధ్యాయ మిత్రులకి నా మనవి చిన్నది. స్కాలర్‌షిప్పు జాబితా క్లాసులో పైకి చదవకండి. పిల్లని విడిగా పిలవండి, పేరుతో పిలవండి. ఆత్మన్యూనత గురించి పాఠం చెబితే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పండి. విద్యార్థులకి చెప్పేదేమంటే, ఆ పుస్తకాలు చదవండి, ఇంటర్వ్యూకి పనికొచ్చేది తీసుకోండి. ఓడిపోయిన రోజున మాత్రం వాటి జాబితాని నమ్మకండి. అందులో రాయని కారణం ఒకటుందని గుర్తుంచుకోండి.

ఇక ఆ కుర్రాడి ప్రశ్న. ఈమధ్య మళ్ళీ కలిశాడు. ఈసారి నసగలేదు. "మీ నాన్న ఆలోచన మార్చుకున్నంత మాత్రాన చెరువు ఆయనది కాదురా. కానీ మీ తాత పేరు ఆ పుస్తకంలోంచి ఎట్లా జారిపోయిందో అడగడానికి గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యం నీ ఒక్కడికే ఉంటే చాలదు" అన్నాను. 2005 నాటి సమాచార హక్కు చట్టం గురించి చెప్పాను. సొసైటీలో సభ్యులెవరు, లీజు ఎవరి పేరున, ఎప్పుడు – ఇవి మత్స్యశాఖని అడగొచ్చని చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

"ఒక్కణ్ణీ అయితే భయమేనండి. పేటలో ఇంకో నలుగుర్ని కలుపుకుని రాస్తాం లెండి" అన్నాడు.

వేదిక మీద వక్త నేర్పిన గట్టి గొంతు ఆ దరఖాస్తు ఇచ్చేటప్పుడు పనికొస్తే నాకేమీ అభ్యంతరం లేదు. జవాబు వచ్చాక, ఆ జాబితా పేటలో అందరి ముందూ వాళ్ళే పైకి చదువుతారు.